గాలికుంటు కాదు

గత వారం భాగంలో సుధను మదనపల్లెలో పళ్ల డాక్టరు కుర్చీలో వదిలి వచ్చాం. రెండు వారాలుగా ఆమె నోట్లో తెల్లటి పొర ఉంది. కుడి పక్క కింది చిగురు వాచింది. కుప్పంలో మేనత్త రామక్క ఇంట్లో ఉంటూ రోజూ రైల్లో బెంగళూరు ఆఫీసుకు పోయి వచ్చే పిల్ల, అన్నం మింగలేక సెలవు పెట్టి చౌడేపల్లె దగ్గర సొంత ఊరికి వచ్చింది. తండ్రి గోవిందప్ప పుంగనూరు సంతలో ముప్పై ఏళ్లుగా పశువుల నోరు తెరిచి వయసు, జబ్బు చెప్పే మనిషి. కూతురి నోరు కూడా తెరిచి చూశాడు. గాలికుంటు అన్నాడు. నెల కిందట ఇంట్లో ఆవు గౌరికి ఆ జబ్బు వచ్చి తగ్గింది. దాని నుంచే బిడ్డకు అంటుకుందని ఊళ్లో అందరికీ చెప్పాడు. ఆవును తోలుకుపొమ్మని దళారి లక్ష్మయ్యకు కబురు పెట్టాడు. బండి శుక్రవారం రావాలి. ఇది గురువారం. డాక్టరు అమరావతి గోవిందప్పను బయట కూర్చోమని పంపి, తలుపు దగ్గరికి వేసి, సుధను ఒక మాట అడిగింది.

"ఏం పీలుస్తున్నావమ్మా?"

సుధ కుర్చీ చేతిని పట్టుకుంది. ఏమీ లేదంది.

డాక్టరు ఆ జవాబు విననట్టే తాను ఏం చూసిందో చెప్పింది. గాజుగుడ్డతో తుడిస్తే పొర ఊడి వచ్చింది, కింద ఎర్రగా ఉంది. అంటే అది ఫంగస్. నోట్లో చాలామందికి కొంత ఉంటుంది. పెరగాలంటే దానికి ఏదో ఒకటి దారి ఇవ్వాలి. పసిపిల్లలకు వస్తుంది, షుగరు ఉన్నవాళ్లకు వస్తుంది, ఆయాసానికి మందు పీల్చి నోరు పుక్కిలించని వాళ్లకు వస్తుంది. సుధకు ఇరవై మూడేళ్లు. వేలు పొడిచి చూస్తే షుగరు మామూలుగా ఉంది. ఆయాసం లేదు. నోరు మాత్రం ఎండిపోయి ఉంది. చిగురు అంత వాచినా రక్తం పెద్దగా రావడం లేదు. నికోటిన్ ఒంట్లోకి పోతుంటే చిగుళ్లకు రక్తం తగ్గుతుందని, లోపల చెడినా పైకి తెలియడానికి ఆలస్యమవుతుందని డాక్టరు చెప్పింది. పళ్ల మీద పొగ గార లేదు. కాబట్టి సిగరెట్టు కాదు.

"ఈ-సిగరెట్టా? వేపు అంటారే, అదా?"

సుధ తల ఊపింది.

పద్నాలుగు నెలలు, అంది. రోజుకు ఎన్నిసార్లో తెలియదు. లేవగానే. రైలు తలుపు దగ్గర. ఆఫీసులో ప్రతి బ్రేకులో. ఆఖరిసారి ఈ ఉదయమే, పశువుల కొట్టం వెనక. నోరు మండుతుంటేనే పీల్చింది.

డాక్టరు తిట్టలేదు. సగం బయటికొచ్చిన జ్ఞానదంతం మీద చిగురు కప్పుకుని ఉంటే, దాని కింద సన్న గొట్టంతో నీళ్లు చిమ్మి చీము కడిగింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఇదంతా వేపు వల్లే వచ్చిందని తాను రాసి ఇవ్వలేనంది. పన్ను అడ్డంగా రావడం వేపు తప్పు కాదు. కానీ ఎండిన నోట్లో, తీపి రుచి కలిపిన ఆ ఆవిరి రోజంతా తగులుతుంటే ఫంగస్ పోదు, చిగురు మానదు. మందు రాసి ఇస్తానని, వేపు మానెయ్యకుండా మందు పూస్తే మళ్లీ ఇదే కుర్చీలో కూర్చోవాల్సి వస్తుందని చెప్పింది.

సుధ నీళ్లు పుక్కిలించి ఉమ్మింది. నాయనకు చెప్పొద్దని అడిగింది.

"జబ్బు ఏందో నేను చెప్తాను," అంది అమరావతి. "ఎట్లా వచ్చిందో నువ్వు చెప్పు. ఈ రోజే చెప్పు."

బయట గోవిందప్ప బెంచీ మీద కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిసంచిలో బోరాక్స్ గ్లిజరిన్ సీసా ఉంది. పశువుల ఆస్పత్రిలో గౌరి కోసం ఇచ్చింది. తొమ్మిది రోజులుగా పొద్దున, సాయంత్రం కూతురి నాలుకకు అదే పూస్తున్నాడు. డాక్టరు ఆ సీసా ఇక వద్దంది. కొత్త మందు చీటీ చేతికిచ్చింది. పళ్లు తోమే బ్రష్షు పారేసి కొత్తది కొనమంది. నీళ్లు బాగా తాగించమంది.

"ఆవుది కాదా మేడమ్?"

"కాదు. మనుషులకు అది రావడం ఎక్కడో అరుదు. ఇది వేరే."

"మరి యాడ్నించి వచ్చింది?"

"మీ అమ్మాయి చెప్తుంది," అని డాక్టరు తర్వాతి మనిషిని పిలిచింది.

పుంగనూరు బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. గోవిందప్ప కిటికీ పక్క సీటు కూతురికిచ్చాడు. ఏమీ అడగలేదు. సంతలో కూడా ఆయన అంతే. బెదిరిన పశువు మూతి బలవంతంగా లాగడు. మెడ మీద చెయ్యి వేసి నిలబడతాడు. ఎంతసేపైనా నిలబడతాడు. పక్కన దళారులు తొందరపెడితే, నోరు నాది కాదు, దానిది, అంటాడు. బస్సులో ఆయన చెయ్యి సుధ ముందు సీటు కమ్మీ మీద ఉంది. బ్రేకు పడినప్పుడల్లా ఆమె ముఖం కమ్మీకి తగలకుండా ఆ చెయ్యి అడ్డం వస్తోంది. పక్కన టమాట క్రేట్ల మీద కూర్చున్న ముసలాయన అది చూసి, బిడ్డకు పన్ను పీకించినారా అని అడిగాడు. గోవిందప్ప, ఇంకా లేదన్నాడు.

ఊరు దాటాక ఆయనే ఒక మాట అన్నాడు, కూతురితో అన్నట్టు కాకుండా.

"ఆ డాక్టరమ్మ ఆవు నోరు ఎప్పుడన్నా తెరిచి సూసిందంటావా?"

సుధకు అర్థమైంది. నాయన డాక్టరు మాట నమ్మలేదు. గౌరికి నాలుక మీద బొబ్బలు, కూతురికి నాలుక మీద తెలుపు. అది మేత వదిలింది, ఇది అన్నం వదిలింది. ఆయన కళ్లతో చూసింది అది. కారణం చెప్పకుండా కాదు అంటే సంతలో ఎవరి మాటా ఆయన పట్టించుకోడు. ఆ కారణం ఇప్పుడు సుధ దగ్గరే ఉంది. ఆమె చెప్పకపోతే ఆవు పోతుంది. చెప్తే, తొమ్మిది రోజులు ఆయన చేతులతో మందు పూయించుకుంటూ నోరు తెరిచి, నిజం మాత్రం దాచిందని ఆయనకు తెలుస్తుంది.

గౌరి నాలుగు పండ్లు వచ్చిన మూడేళ్ల ఆవు. సుధ ఇంకా చదువుకునే రోజుల్లో పుట్టింది.

పుంగనూరు ఇంకో పావుగంట ఉందనగా సుధ తల్లి పూలమ్మ ఫోన్ చేసింది. ఆమె ఫోన్లో మాట్లాడితే బస్సంతా వినిపిస్తుంది. లక్ష్మయ్య ఒకరోజు ముందే బండి తెచ్చాడట. రేపు తమిళనాడు సంత ఉందట. ఆవును ఇప్పమంటాడు, ఏం చెయ్యమంటావని అడిగింది. గంట ఆగమని చెప్పు, వస్తాండాము, అన్నాడు గోవిందప్ప.

బస్టాండు బయట చౌడేపల్లె ఆటో నిండడానికి ఇంకా ముగ్గురు కావాలి. రాగి అంబలి బండి కనబడితే గోవిందప్ప రెండు గ్లాసులు అడిగాడు. ఒకదాంట్లో ఉల్లిపాయ, పచ్చిమిరప వెయ్యొద్దన్నాడు. ఆ గ్లాసు కూతురికిచ్చాడు. ఆమె ఎడమ పక్కగా ఒక గుక్క తాగింది. ఆయన తన గ్లాసు ముట్టకుండా ఆమె గొంతు కదలడం చూశాడు. రెండో గుక్క కూడా దిగాక తన గ్లాసు ఎత్తాడు.

సుధ గ్లాసు కింద పెట్టింది. సంచిలో చెయ్యి పెట్టి వేలెడంత వస్తువు తీసి ఆయన అరచేతిలో ఉంచింది. నీలం రంగుది. చూస్తే పెన్ను మూత అనుకోవచ్చు.

"దీని వల్ల వచ్చింది నాయనా. గౌరి వల్ల కాదు."

ఆయన దాన్ని తిప్పి చూశాడు. ఏమిటిదన్నాడు. ఆమె చెప్పింది. లోపల మందు నీళ్లు ఉంటాయి, పీలిస్తే వేడెక్కి ఆవిరి అవుతాయి. నికోటిన్ ఉంటుంది. బీడీలో ఉండేదే. అమ్మకూడదని చట్టం ఉంది, అయినా ఆఫీసు కింద కొట్టులో తెలిసినవాళ్లు అడిగితే కౌంటరు కింది నుంచి తీసి ఇస్తారు.

"బీడీనా?"

"బీడీ కాదు. కాల్చేది లేదు. ఆవిరి."

"ఆవిరైతే నోరు యాల పాడాయె?"

ఆ ప్రశ్న ఆమె పద్నాలుగు నెలల్లో ఒక్కసారీ వేసుకోలేదు. డాక్టరు అన్న మాటలే ఆయనకు చెప్పింది. నోరు ఎండడం, తీపి, చిగురు. ఆయన వస్తువును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మామిడిపండు," అన్నాడు.

"అవును."

"నువ్వు వచ్చినప్పటి నుంచి ఈ వాసన వస్తానే ఉండాది. కాయల కాలం కాదు గదా అనుకుంటి. చాక్లెట్ అనుకుంటి." వస్తువును అరచేతిలో దొర్లించాడు. "వాసన పట్టినాను. ఏందని అడగలే. నేను సూసేటోన్ని అని ఊరంతా చెప్పుకుంటారు."

సుధ ఏడవలేదు. ఏడిస్తే చిగురు లాగుతుంది. ఎట్లా మొదలైందో ఆయన అడగలేదు గాని ఆమె చెప్పింది. ఆఫీసులో రోజంతా ఫోన్లో పార్సిల్ రాలేదని అరిచేవాళ్లకు జవాబు చెప్పడం పని. మొదటి మూడు నెలలు ఆమె మాట విని పక్క సీట్లవాళ్లు నవ్వేవాళ్లు. ఉండాది అంటే నవ్వు. యాల అంటే నవ్వు. మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని తినేది. పది నిమిషాల బ్రేకులో కిందికి పోయి పీల్చేవాళ్లు ఒక గుంపు. వాళ్లలో రోజా అనే అమ్మాయి ఒకరోజు, రావే, ఒక్కటి లాగు, అని పిలిచింది. అంతకు ముందు ఆ ఆఫీసులో ఎవరూ ఆమెను దేనికీ పిలవలేదు. పిలిచినందుకు పోయింది. పోయినందుకు లాగింది.

"నవ్వినారా?" అన్నాడు గోవిందప్ప. ఆమె చెప్పినదాంట్లో ఆయన పట్టుకున్నది అది.

"మొదట్లో. ఇప్పుడు లేదు. ఇప్పుడు వాళ్ల మాదిరే మాట్లాడతా."

ఆటో డ్రైవరు ఇద్దరైతే చాలు పోదామని కేక వేశాడు. గోవిందప్ప ఆగమని చెయ్యి చూపాడు. వస్తువును ఆమెకు తిరిగి ఇవ్వలేదు, పారెయ్యనూ లేదు. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు అన్నట్టు ఇద్దరి మధ్య అంబలి బండి చెక్క మీద పెట్టాడు.

ఆయనా బీడీలు తాగాడు. సుధకు ఆ సంగతి తెలియదు. ఇప్పుడు చెప్పాడు. సంతలో కూర్చుంటే రోజుకు రెండు కట్టలు. సుధ పుట్టినప్పుడు పూలమ్మ పుట్టింట్లో ఉంది. ఆయన పోయి ఎత్తుకోబోతే ఆమె బిడ్డను తువ్వాలలో చుట్టి గోడవైపు తిప్పింది. నోరు కడుక్కుని రమ్మంది. కడుక్కుని వచ్చినా ఇవ్వలేదు. ఆయన బీడీ మానేదాకా, పదకొండు రోజులు ఇవ్వలేదు. పన్నెండో రోజు ఇచ్చింది.

"కష్టంగా ఉండెనా?" అని అడిగింది సుధ.

"ఉండె. రాయి మాదిరి తల. ఎవురన్నా మాట్లాడితే కొట్టాలనిపించె. నీకూ అట్లనే ఉంటాది. ఉన్నప్పుడు నాకు చెప్పు. అరుస్తావా, నా మీద అరుచుకో."

సుధ చెక్క మీది వస్తువు తీసుకుంది. అంబలి బండి పక్కన చెత్తడబ్బా ఉంది. అందులో వేసే ముందు ఆమె చెయ్యి ఆగింది. ఆగినట్టు ఆయన చూశాడు. పక్కకు తిరిగి, బండివాడికి గ్లాసులు అందించాడు. ఆయన మళ్లీ ఇటు తిరిగేసరికి ఆమె చెయ్యి ఖాళీగా ఉంది.

ఆటోలో ఆయన ఊళ్లో చెప్పాల్సిన మాట ముందే అనుకున్నాడు.

"నేను సూసింది తప్పు అంటా. అంతే. నీ పేరు యాల? ఆవు మనది, మాట నాది."

"నువ్వెప్పుడూ ఆ మాట అనలేదు గదా నాయనా. ఇంక సంతలో నీకు ఎవరు నోరు చూపిస్తారు?"

"సూపించకుంటే పోనీలే. ఇంట్లో ఒక నోరు ఉండాది, సూసుకునేదానికి."

సుధ ఆయన భుజానికి తల ఆనించింది, వాపు లేని పక్కకు. గౌరి మిగిలినట్టే అనుకుంది ఆమె. మాట బయటికి రాదు. అమ్మకు తెలియదు. కుప్పంలో రామక్కత్తకు తెలియదు. రేపటి నుంచి మందు పూసుకుంటే పది రోజుల్లో తగ్గుతుంది.

ఆటో ఊరి మొదట్లో ఆగింది. లక్ష్మయ్య బండి పాల కేంద్రం ముందు ఉంది. వెనక చెక్క దించి ఉంది. అందులో అప్పటికే మూడు ఆవులు ఉన్నాయి.

గౌరి వాటిలో లేదు. పూలమ్మ దాని తాడు పట్టుకుని బండికి దూరంగా నిలబడి ఉంది. బండిలో ఉన్నవి వేరే ఇళ్లవి. రెండు మునిరాజవి, ఒకటి దేవరాజుది. గంగులమ్మ తన ఆవును తోలుకుని అప్పుడే వస్తోంది. ఆమెకు డెబ్బై ఏళ్లు ఉంటాయి, ఇంట్లో ఒక్కతే. పొద్దున ఆ ఆవు పాలు కేంద్రంలో పోసి, ఆ డబ్బుతోనే ఇల్లు నడుపుతుంది. మరో ఆవు లేదు.

గోవిందప్ప లక్ష్మయ్య దగ్గరికి పోయి ఇవన్నీ ఏందని అడిగాడు. లక్ష్మయ్య వింతగా చూశాడు. మీ బిడ్డకు అంటుకుందని నువ్వే చెప్పినావు గదన్నా, అన్నాడు. గాలికుంటు మనుషులకు ఎక్కుతుందంటే పిల్లలున్న ఇళ్లలో ఎవరు పెట్టుకుంటారు? పాల కేంద్రంలో నిన్న మాట్లాడుకున్నారు. గౌరిది తగ్గిందని ఊరంతా చూశారు, తగ్గిన ఆవు నుంచి కూడా అంటుకుంటే ఏ ఆవును నమ్మేది? నీ మాట మీదే అందరూ ఇస్తాండారు.

మునిరాజ వచ్చాడు. దేవరాజు అరుగు దిగి వచ్చాడు. గోవిందప్ప బండి ముందు నిలబడ్డాడు. ఆటోలో అనుకున్న మాటే అన్నాడు.

"నేను సూసింది తప్పు. అది గాలికుంటు కాదు. ఆవుల్ని దించుకోండి."

ఎవరూ కదల్లేదు. గంగులమ్మ ముందు మాట్లాడింది. ఆమె గొంతులో కోపం లేదు, జాలి ఉంది.

"నువ్వు తప్పు సూసేదేంది అప్పా. ముప్పై ఏండ్లుగా సూస్తాండాము. మా ఆవు పోతుందని నీ కడుపు తరుక్కుపోయి అంటాండావు. నాకు తెల్దా?"

మునిరాజ తల ఊపాడు. గోవిందప్ప మళ్లీ చెప్పాడు, మదనపల్లె డాక్టరు చెప్పిందని. డాక్టరుకు ఆవుల సంగతి ఏం తెలుసన్నాడు దేవరాజు. ఇందాక బస్సులో గోవిందప్ప అన్న మాటే అది. ఇన్నేళ్లలో ఆయన తప్పు అని ఒప్పుకున్న మొదటి మాట ఇదే, దాన్ని నమ్మేవాళ్లు ఊళ్లో లేరు.

లక్ష్మయ్య ఎండ పోతోందని, చెక్క ఎత్తాలని అన్నాడు. గంగులమ్మ తాడు ఆయన చేతికి అందించబోయింది. ఆవు ముందు కాళ్లు బిగబట్టింది. ఆమె దాని గంగడోలు నిమిరింది.

సుధ నాలుగడుగులు ముందుకు వచ్చింది. మాట్లాడితే నోరు మండుతోంది.

"అవ్వా, తాడు ఇయ్యొద్దు. నాయన చెప్పేది నిజం. నాకు వచ్చింది ఆవు నుంచి కాదు."

అందరూ ఆమె వైపు తిరిగారు. పూలమ్మ కూడా. గంగులమ్మ తాడు వదల్లేదు. దగ్గరికి వచ్చి సుధ గడ్డం కింద వేళ్లు పెట్టి, వాచిన చెంప చూసింది.

"మరి యాడ్నించి వచ్చింది తల్లీ?"

గోవిందప్ప బండి ముందు నుంచి కదిలాడు. జవాబు తాను చెప్పబోయేవాడిలా కూతురికీ ఊరికీ మధ్యకు రెండడుగులు వేసి, ఆగాడు. పక్కకు జరిగాడు. కూతురి భుజానికి భుజం ఆనించి నిలబడి, ఆమె నోరు తెరిచేదాకా ఊరితో పాటు తానూ ఎదురుచూశాడు.